నవ్వుతుంది, కవ్విస్తుంది... ఏదైనా అడిగితే మాట దాటేస్తుంది

ముప్పై ఒక్కేళ్ల పాఠకురాలు ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటికి రాకూడదన్నారు కాబట్టి ఆనవాలు పట్టించే వివరాలన్నీ తీసేసి క్లుప్తంగా చెబుతున్నాను.

ఈ పాఠకురాలు నాలుగేళ్లు ఒక అమ్మాయితో కలిసి ఉన్నారు. అవతలి అమ్మాయి వద్దనడంతో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది నెలల క్రితం అది ముగిసింది. ఎవరికీ తెలియని బంధం కాబట్టి, తెగిపోయినప్పుడు ఓదార్చేవాళ్లు కూడా లేకపోయారు. ఆ తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు వాళ్ల కోసం ఒక బార్‌లో ఎదురుచూస్తుంటే, పక్క స్టూల్ మీద ఒంటరిగా కూర్చున్న ఒకామెకు వెళ్లాల్సిన గ్లాసు తెచ్చి ఈమె ముందు పెట్టారు. చూసుకోకుండా ఒక గుక్క తాగేశారు. ఆమె పక్కకు తిరిగి, "పర్లేదు, కానివ్వండి. కాకపోతే నా గ్లాసు తాగినవాళ్లు నాతో మాట్లాడాలి, అదీ రూలు" అంది. అలా మొదలైంది.

అప్పటి నుంచి వరసగా ఆరు శుక్రవారాలు అవే రెండు స్టూళ్లు. గంటల తరబడి కబుర్లు. రెండో వారానికే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఒకసారి ఈమె వాచీ పట్టీ మెలితిరిగి ఉంటే ఆమె సరిచేసి, చెయ్యి వెంటనే తీయలేదు. కానీ నాలుగో వారం "ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని అడగ్గానే ఆమె ముఖం మారిపోయింది. గ్లాసు కింది అట్టను అంచు నుంచి చిన్న చిన్న ముక్కలుగా చింపుతూ కూర్చుంది. చివరికి "లేటయింది, వెళ్లాలి" అని లేచింది. మళ్లీ శుక్రవారం ఏమీ జరగనట్టే వచ్చింది. నంబర్ ఇచ్చింది గానీ మెసేజ్‌కి జవాబు ఒక్కోసారి రెండు నిమిషాల్లో, ఒక్కోసారి రెండు రోజులకు. అందులో మళ్లీ 'మీరు'. "బార్‌లో నువ్వు, ఫోన్‌లో మీరు. నాకు పిచ్చెక్కుతోంది" అని రాశారు.

ఒక ఫ్రెండ్ "వదిలేయ్, ఆడుకుంటోంది" అందట. ఇంకొకరు "ధైర్యం చేసి ముద్దు పెట్టేయ్, తేలిపోతుంది" అన్నారట. ఈ పాఠకురాలి ప్రశ్నలు మూడు. ఆమె నాతో ఆడుకుంటోందా? అడగాలా, ఆగాలా? మా ఇష్టం మామూలు ఇష్టం కాదు కాబట్టే ఇంత చిక్కుపడుతోందా?

సమాధానం:

మీ మూడో ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే దానికి జవాబు చిన్నది. మీ ఇష్టం మామూలు ఇష్టమే. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని ఇష్టపడటం జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టిక నుంచి ఆ మాటను తీసేసింది 1990 మే 17న. మీరు పుట్టకముందే. చిక్కు మీ ఇష్టంలో లేదు. దాన్ని ఇద్దరూ ఎలా దాచుకుంటున్నారో అందులో ఉంది.

ఇద్దరూ అన్నాను, గమనించారా? మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆమె ఏమేం అందో, ఎలా నవ్విందో రెండు పేజీలు. ఆమె ఏం చెప్పలేదో మూడు పేజీలు. ఐదో పేజీ చివర, పక్కన ఇరికించి రాసిన ఒక్క వాక్యం: "నేనూ నా సంగతులు పెద్దగా చెప్పలేదనుకోండి." దాని కింద ఇంకో చిన్న మాట. మీ నాలుగేళ్ల బంధం గురించి ఆమె దగ్గర మాట వచ్చినప్పుడు "రూమ్మేట్ ఉండేది, వెళ్లిపోయింది" అన్నారట.

నాకు ఉత్తరం మొత్తంలో అక్కడే మనసు ఆగిపోయింది. నాలుగేళ్లు మీతో బతికిన మనిషిని ఒక్క మాటతో రూమ్మేట్‌ని చేసేశారు. ఆ మాట అంటున్నప్పుడు మీ గొంతు ఎలా ఉందో, మీ కళ్లు ఎటు చూశాయో ఆమె కూడా చూసే ఉంటుంది కదా. మీరు ఆమె చింపిన అట్టముక్కల్ని గుర్తుపెట్టుకున్నట్టే, ఆమె మీ 'రూమ్మేట్' అనే మాటను ఇంటికి తీసుకెళ్లి దాని చుట్టూ ఆలోచించి ఉండొచ్చు. ఆమె గుంభనంగా ఉందని మీ ఫిర్యాదు. ఆ సాయంత్రం ఆమె ఎవరికైనా ఉత్తరం రాసి ఉంటే, అదే ఫిర్యాదు మీ మీద ఉండేదేమో.

ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. దాచుకోవడం మీకు నాలుగేళ్ల పాటు నేర్పిన విద్య. ఇంట్లో ఒక మనిషిగా, వీధిలో ఇంకో మనిషిగా ఉండి, ఫోటోల్లో మధ్యన జానెడు ఖాళీ వదిలి నిలబడిన మనిషికి, ఎనిమిది నెలల్లో ఆ అలవాటు పోదు. ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో ఈ విషయం మీద రాసిన వ్యాసం చాలామందికి తెలుసు. స్వలింగ ప్రేమ ఉన్నవాళ్ల మీద పడే ఒత్తిడిలో, ఎదుటివాళ్లు కాదంటారేమోనన్న నిరంతర ఎదురుచూపు, తమను తాము దాచుకోవాల్సి రావడం రెండూ భాగమేనని అందులో చెప్పాడు. అంటే బయట ఎవరూ ఏమీ అనకపోయినా, అంటారేమోనని మనిషి లోపల కాపలా కాస్తూనే ఉంటుంది. ఆమెకూ అలాంటి కాపలా ఏదో ఉండొచ్చు.

ఇప్పుడు ఆ సరసం సంగతి. కవ్వింపు మాటకు ఎప్పుడూ రెండు అర్థాలుంటాయి. "నువ్విలా నవ్వితే నేను ఇంటికి ఎలా వెళ్లాలి?" అని ఆమె ఐదో వారం అంది. మీరు పొంగిపోతే అది ప్రేమ మాట. మీరు నొచ్చుకుంటే "అయ్యో, సరదాకన్నాను" అని వెనక్కి తీసుకోవచ్చు. అందరూ సరసం ఆడేది ఇందుకే, మాట పోయినా పరువు పోకుండా. కానీ ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇంకో చిక్కు ఉంది. స్నేహితురాళ్లు కూడా ఒకరి చీర ఒకరు మెచ్చుకుంటారు, చేతులు పట్టుకుంటారు, జడ సరిచేస్తారు. ఏది స్నేహం, ఏది అంతకు మించినదో పైకి ఒకేలా కనబడుతుంది. పొరపాటుపడితే దక్కేది ఒక్క 'కాదు' మాత్రమే కాదు, తన గుట్టు బయటపడిపోతుందన్న భయం కూడా. అందుకని మీరిద్దరూ రెండు అర్థాల మాటలతోనే ఆరు వారాలు నెట్టుకొచ్చారు. బాగా ఆడుతున్నారు కూడా. అయితే సరసంలో ఎంత ఆరితేరితే అంతగా అదే ఒక మూసిన తలుపు అయిపోతుంది. మీరు రాసిన జోకులు చదువుతుంటే, ఆమె కొంచెం దగ్గరగా వచ్చిన ప్రతిచోటా మీరు ఒక జోకు వేశారు. వాచీ పట్టీ సరిచేసి చెయ్యి తీయనప్పుడు మీరేమన్నారు? "రిపేరు చార్జీ ఎంత?" ఆమె నవ్వి చెయ్యి తీసేసింది. ఆ క్షణంలో వెనక్కి తగ్గింది ఆమె కాదు.

అయితే ఆమె ఆడుకుంటోందా? నా దగ్గర ఉన్నది మీ ఉత్తరం ఒక్కటే. ఆమె మనసు నాకు తెలియదు, మీకూ తెలియదు. మీరు ఊహించిన కారణాలు రాశారు: పెళ్లయి ఉండొచ్చు, ఇంట్లో ఇంకొకరు ఉండొచ్చు, ఇంట్లోవాళ్లకు భయపడుతుండొచ్చు, ఎప్పుడో గట్టి దెబ్బ తిని ఉండొచ్చు. అన్నీ సాధ్యమే. మీరు రాయని కారణం ఇంకొకటుంది. ఆమెకు ఈ శుక్రవారం సాయంత్రాలు ఇలాగే ఇష్టం కావచ్చు. వారానికి మూడు గంటలు తనను అందంగా చూసే ఒక మనిషి పక్కన కూర్చుని, ఏమీ వివరించుకోకుండా ఉండటమే ఆమెకు కావలసింది కావచ్చు. అది మోసం కాదు. మీకు కావలసింది అది కాకపోవచ్చు, అంతే. ఈ రెండూ విడివిడిగా చూడండి.

ఆమె ఫోన్‌లో 'మీరు' అనడాన్ని కూడా చల్లారిపోవడంగా లెక్కవేయకండి. ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతికి వస్తుందో మనకు తెలియదు. 'మీరు' అనేది ఎవరైనా చదివినా పర్లేని మాట. అది దూరం కాకుండా జాగ్రత్త అయ్యుండొచ్చు.

ఇక మీకు పిచ్చెక్కుతోందన్నారు, దానికి కారణం ఆమె ఒక్కతే కాదు. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1957లో ప్రచురించిన ప్రయోగాల్లో పావురాలు గోడకున్న బిళ్లను ముక్కుతో పొడిస్తే గింజలు దొరికేవి. ఎన్నిసార్లు పొడిస్తే దొరుకుతాయో తెలియకుండా పెట్టినప్పుడు అవి ఆగకుండా పొడుస్తూనే ఉండేవి. రెండు నిమిషాల్లో ఒకసారి, రెండు రోజులకు ఒకసారి వచ్చే జవాబు మనిషిని అలాగే పట్టుకుంటుంది. రాత్రి ఒంటిగంటకు లేచి ఆమె ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉందో చూస్తున్నానని రాశారు. అదంతా ప్రేమే అనుకోకండి. అందులో కొంత ప్రేమ, కొంత ఈ గింజల లెక్క. వారం రోజులు మెసేజ్‌లు మీ వైపు నుంచి తగ్గించి చూస్తే, ఏది ఎంతో మీకే తేలుతుంది.

ఇంకో విషయం మందు. ఇంట్లో రెండు గ్లాసులు తాగితే గానీ అక్కడికి వెళ్లలేకపోతున్నానని రాశారు. స్టీల్, జోసెఫ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో దీన్ని 'ఆల్కహాల్ మయోపియా' అన్నారు, అంటే దగ్గరివి మాత్రమే కనబడటం. తాగినప్పుడు ఎదురుగా ఉన్న నవ్వు పెద్దగా కనబడుతుంది. రేపటి భయం పోదు, చూపుకు అందకుండా వెనక్కి వెళుతుంది, పొద్దున్నే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి శుక్రవారం రాత్రి మీరిద్దరూ అన్న మాటలు అబద్ధాలు కావు. కానీ అవి సగం చూపుతో అన్న మాటలు. శనివారం ఆమె ముభావంగా ఉంటే, అది నిన్నటి మాటను కాదనడం కాకపోవచ్చు. మిగతా సగం కనబడటం కావచ్చు.

మీ ముందు ఉన్న దారులు చూద్దాం. ఏది ఎంచుకోవాలో నేను చెప్పను గానీ, ఏ దారిలో ఏం ఎదురవుతుందో చెబుతాను.

ఇలాగే కొనసాగించవచ్చు. తేలిగ్గా తీసిపారేయాల్సిన దారి కాదు ఇది. ఎనిమిది నెలల క్రితం అంత పెద్ద బంధం తెగింది, దాని గురించి మీరు ఒక్క మనిషి దగ్గర కూడా ఏడవలేదు. ఏమీ అడగని సాయంత్రాలు మీకు కూడా మందులా పనిచేసి ఉండొచ్చు. కానీ ఈ ఉత్తరం రాశారంటే అవి సరిపోవడం లేదని అర్థం. సరిపోని దాన్ని సరిపోయినట్టు నటిస్తూ పోతే, ఏదో ఒక శుక్రవారం ఆమె చేసిన చిన్న తప్పుకు మీరు పెద్ద గొడవ పెట్టుకుంటారు. అప్పుడామెకు ఎందుకో కూడా అర్థం కాదు.

లేదా మీ సంగతి ముందు చెప్పవచ్చు. ఈ దారి అంటే నాకు ఇష్టమని దాచను. "ఆ రోజు రూమ్మేట్ అన్నాను కదా, రూమ్మేట్ కాదు" అనండి చాలు. మొత్తం కథ ఆ రాత్రే కుమ్మరించకండి. ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1997లో ముక్కూ మొహం తెలియని మనుషుల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలతో ముప్పావుగంట మాట్లాడించింది. మామూలు కబుర్లు చెప్పుకున్న వాళ్లకంటే వీళ్లు ఎక్కువ దగ్గరైనట్టు చెప్పారు. ఆ ప్రశ్నలు తేలికవాటితో మొదలై మెల్లగా లోతుకు వెళతాయి, ఇద్దరూ వంతులవారీగా చెప్పుకోవాలి. మీరు ఆమెను "ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగారు. మామూలుగా చూస్తే చిన్న ప్రశ్నే. కానీ దాచుకుని బతికేవాళ్లకు అన్నిటికంటే పెద్ద ప్రశ్న అదే. పైగా మీరు మీది చెప్పకుండా ఆమెది అడిగారు. ఈసారి చెప్పి ఊరుకోండి, వెంటనే "మరి నీ సంగతి?" అనకండి. మీరు చెప్పారు కాబట్టి ఆమె బాకీ పడలేదు. ఆమె ఆ రోజు ఏమీ చెప్పకపోవచ్చు, ఆ మౌనం భరించడం కష్టంగా ఉంటుంది, జోకు వేసేయాలనిపిస్తుంది. ఓపిక పట్టండి.

ఇంకోటి, చోటు మార్చి చూడటం. పగలు, మందు లేకుండా, ఒక గంట నడక. ఎక్కడ, ఎప్పుడు అనేది ఆమెకే వదిలేయండి. ఎవరైనా చూస్తారేమోనన్న భయం ఉంటే ఆ భయానికి సరిపడే చోటు తనే చెబుతుంది. వద్దంటే, అది మీ మీద ఇష్టం లేకపోవడమే అనుకోనక్కర్లేదు. కానీ మూడుసార్లు అడిగినా శుక్రవారం రాత్రి, ఆ స్టూలు తప్ప ఇంకేదీ కుదరదంటే, ఆమె ఎంతవరకు రాగలదో చెప్పేసినట్టే. దాన్ని విన్నట్టు మీరు కూడా నడుచుకోవాలి.

సూటిగా చెప్పడం కూడా ఒక దారి. ముద్దు పెట్టేయమన్న సలహాను మాత్రం పూర్తిగా పక్కన పెట్టండి. ఒక్క ప్రశ్నకే లేచి వెళ్లిపోయిన మనిషి మీద, నలుగురి మధ్య, అడగకుండా మీద పడటం ధైర్యం కాదు. ఆమె ఇన్నాళ్లూ దేని గురించి భయపడిందో అది మీ చేతుల మీదుగా జరిగిపోతుంది. మాటతో చెప్పండి. "నువ్వంటే నాకు ఇష్టం, స్నేహంగా మాత్రమే కాదు. నీకూ అలా ఉందో లేదో తెలుసుకోవాలని ఉంది. ఇప్పుడే చెప్పక్కర్లేదు. లేదన్నా నిన్ను ఇబ్బంది పెట్టను." ఇలాంటి మాటలేవైనా సరే. "లేదన్నా నేనేమీ అనుకోను" అని మాత్రం అనకండి, అది నిజం కాదు, బాధపడతారు. ఆమెకు 'అవును' వస్తే సంతోషం. 'కాదు' వస్తే ఆరు వారాల తీపి ఒక్కసారి చేదవుతుంది, ఆ స్టూల్ దగ్గరికి కొన్నాళ్లు వెళ్లలేరు. "తెలియడం లేదు, టైమ్ కావాలి" అంటే ఎంత టైమ్ ఇవ్వగలరో మీ మనసులో ముందే అనుకుని ఉండండి. ఆమెకు గడువు పెట్టడానికి కాదు, మీరు మళ్లీ నాలుగేళ్లు ఎదురుచూడకుండా ఉండటానికి. ఒకవేళ ఇంట్లో ఇంకొకరు ఉన్నారని తేలితే, ఆ మూడో మనిషికి తెలియకుండా ఇది నడపాలా అన్నది మీ ముందున్న కొత్త ప్రశ్న. రహస్యంగా ఉండటం ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆపేయడం కూడా ఒక దారే. మీ పాత గాయం మానకముందే ఇంకో దాపరికంలోకి వెళ్లే శక్తి లేదనిపిస్తే ఆపేయండి. చెప్పి ఆపండి. చెప్పాపెట్టకుండా మాయమైతే, ఆమె కూడా రాత్రి ఒంటిగంటకు లేచి మీరెప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో చూస్తుంది.

ఏ దారి పట్టినా ఒక్క విషయంలో మాత్రం సలహాలా కాకుండా గట్టిగానే అడుగుతున్నాను. ఆమె చెయ్యి, రెండు గ్లాసులు కనబడేలా ఫోటో తీసి ఫ్రెండ్‌కు పంపానని రాశారు. ఆమె పేరు పెట్టి నెట్‌లో వెతికానని రాశారు. ఆ ఫోటో తీసేయమని ఆ ఫ్రెండ్‌కు ఇవాళే చెప్పండి. ఆమె చేతికి ఉంగరం ఉందో, పుట్టుమచ్చ ఉందో గుర్తుపట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆమె ఎవరిని ఇష్టపడుతుందన్న సంగతి ఎవరికి ఎప్పుడు చెప్పాలో ఆమె ఇష్టం. ఆమె మీకే ఇంకా చెప్పలేదు, ఇక మీ ఫ్రెండ్‌కు ఎలా తెలుస్తుంది? వెతకడం కూడా మానండి. వెతికి తెలుసుకున్నది మీరు దాచాల్సి వస్తుంది, ఆమె తనంతట తాను చెప్పిన రోజున తెలియనట్టు నటించాల్సి వస్తుంది. నటన మీకిప్పటికే చాలా అయింది.

ఆమెకు మీరంటే అంత ఇష్టం ఉండదేమో అన్న మాట మీ ఉత్తరంలో ఏడుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ఎరికా బూత్‌బీ, ఆమెతో పనిచేసిన పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, కొత్తవాళ్లతో మాట్లాడాక, ఎదుటి మనిషికి మనం ఎంత నచ్చామో మనం తక్కువగా అంచనా వేసుకుంటాం. ఇది ప్రేమకు రుజువు కాదు. కానీ ఆరు శుక్రవారాలు అదే స్టూల్ దగ్గరికి వచ్చిన మనిషికి మీ పక్కన కూర్చోవడం బాగానే ఉందని నమ్మడానికి భయపడక్కర్లేదు.

చివర్న ఒక సంగతి రాశారు. పోయిన మంగళవారం, పగటిపూట, మొదటిసారి తనంతట తానే మెసేజ్ పెట్టింది: "ఈ వారం వస్తున్నారా?" దానికి ఏం జవాబివ్వాలో తెలియక రెండు రోజులుగా అలాగే ఉంచానన్నారు. ఆ జవాబు కోసం ఆమె కూడా ఫోన్ చూసుకుంటూ ఉంటుందని మీకు తట్టలేదా? "వస్తున్నాను" అని రాయండి. జోకు వద్దు. ఫోన్‌లో ఆమె 'మీరు' అన్నంత కాలం మీరూ అదే మర్యాదలో ఉండండి, ఆమెకు అది అవసరమేమో. ఈసారి ఇంట్లో ఏమీ తాగకుండా వెళ్లండి. 'నువ్వు' అని పిలిచి మొదలుపెట్టాల్సిన మాట ఏదైనా ఉంటే, మొదటి గ్లాసు రాకముందే చెప్పండి.